కింది మూల

కురుపాం మార్కెట్లో స్టీలు సామాన్ల వరసలో
మూడడుగుల బల్ల నాది.
కరెంటు పెన్ను గుర్రుమంటే
బిందె ఒళ్ళంతా జలదరిస్తుంది.
"చి.ల.సౌ. హైమవతి వివాహ సందర్భముగా
మేనమామ బొడ్డు వారు",
కింద తేదీ.
అక్షరానికింత అని లెక్క. తేదీ ఉచితం.

ముప్పై ఒక్క ఏళ్ళు.
ఇచ్చినవాళ్ళ పేర్లు చెక్కాను,
పుచ్చుకున్నవాళ్ళవి చెక్కాను,
పోయినవాళ్ళ జ్ఞాపకార్థం పెదకర్మ గ్లాసులు
నూటపదహారు ఒక్క రాత్రిలో చెక్కాను.
చుట్టరికం పెద్దదై గ్లాసు చాలకపోతే
"మరియు కుటుంబ సభ్యులు" అని తెగ్గొట్టాను.
ఆ గ్లాసు చేసినవాడి పేరు
ఒక్కరూ రాయమనలేదు.
నాకూ తోచలేదు, అబద్ధమెందుకు.

మా సన్యాసమ్మ
ఎదురు వాటాలో కుసుమకి నెలలు నిండుతున్నాయని
బొంత మొదలెట్టింది.
తన ముదురాకుపచ్చ నేతచీర,
షిప్‌యార్డులో చేసి దిగిపోయిన వాళ్ళన్న ఖాకీ చొక్కా, జేబుతో సహా,
నన్నడక్కుండా నా పంచె ఒకటి.
ఉప్పుగాలికి సూది మొరాయించినప్పుడల్లా
పాపిట్లో ఓసారి రాసుకుని
మళ్ళీ గుచ్చేది.

ఆఖర్న ఓ మూల మడిచి
నా ముందు పెట్టి పెన్సిలిచ్చింది.
"నా పేరు రాయి. దాని మీంచి కుట్టుకుంటెల్లిపోతాను."
"బొంత మీద పేరేటే?"
"ఊళ్ళో బిందెలన్నిటికీ రాత్తావు.
నానేటి పాపం సేసేను?"

స్టీలు ఎదురు తిరుగుతుంది.
దాని మొండితనం మీద చెయ్యి ఆనించుకుని రాయడం అలవాటు.
గుడ్డ అలా కాదు, లొంగిపోతుంది.
లొంగిన చోట నా చెయ్యి వణికింది.
అలవాటు కొద్దీ "శ్రీమతి మరియు శ్రీ" అని మొదలెట్టబోతే
"ఆ శ్రీ ఎవుడు? ఆడేటి కుట్టేడు?" అంది.

సరే, తేదీ?
మొదలెట్టిన రోజా? రేవులో మూడో నంబరు జెండా ఎగిరిన రోజది.
మధ్యలో కంటాసుపత్రికి తిరిగి
రెండు నెలలు ఆపేసింది.
పూర్తయిన రోజా, ఇవ్వబోయే రోజా?
కొన్న వస్తువుకి ఒకటే తేదీ, ఇచ్చిన నాటిది.
నాకు తెలిసిన లెక్క అదే.
ఆమె కాసేపు ఆలోచించి
"సూది బెజ్జం కానరాక నిన్ను పిలిసేను సూడు,
దారం నువ్వెక్కించేవు. ఆ రోజెయ్యి."

వేల తేదీలు ఉచితంగా రాసినవాణ్ణి,
ఆ ఒక్కటీ గుర్తు లేదు.
క్యాలెండర్ దింపి ఇద్దరం వెతికాం.
పాలు రాని రోజులు, చీటీ పాట,
గ్యాస్ బండ వచ్చిన రోజుకి ఎర్ర సున్నా.
బండవాడు తలుపు కొట్టినప్పుడు
నా నోట్లో దారం కొస ఉంది.
పద్నాలుగు. దొరికింది.

రెండు రాత్రులు కుట్టింది.
తెల్లారి చూస్తే "సన్యాసమ".
మకారం కింద ఒత్తు దగ్గర పెన్సిలు చెరిగినట్టుంది.
విప్పెయ్యమన్నాను.
"స్టీలు మీద తప్పోతే నువ్వేటి సేత్తావు?"
"పువ్వు గీసేస్తాను."
నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.
"ఎన్ని పూలు పూయించేవురా బాబూ ఈ ఊళ్ళో!
నాకొద్దు. అలగే ఉండనీ."

బొంత ఇచ్చిన మూడోనాడే
కుసుమ కొడుకు సరిగ్గా ఆ మూలే చూసుకుని తడిపాడు.
కంచరపాలెం మెట్ట మీద ఎండ ముదిరే వేళ
సైకిలు తోసుకుని వస్తుంటే
మేడ పిట్టగోడ మీంచి వేలాడుతోంది,
వెనకవైపు రోడ్డుకి పెట్టి.
అక్షరాలన్నీ తిరగబడ్డాయి, ముడులన్నీ బయటపడ్డాయి.
బల్లకి అవతల నిలబడ్డవాళ్ళ చీటీలు
తలకిందులుగా చదివిన కళ్ళు నావి,
ఇదో లెక్కా అనుకున్నాను.
కానీ చాలాసేపు పట్టింది.
వెనకాల ఆటోవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.
పద్నాలుగు దాకా వచ్చాక
పక్కకి జరిగాను.